నీళ్ళు ముట్టొద్దన్నది నేనే

ఆయా పని

వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో, స్కానింగు గదుల దగ్గర, ఇరవై ఆరేళ్ళు ఆయాగా పనిచేశాను. అక్కడ నన్ను అందరూ రాజవ్వ అనేవారు. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. నా అక్షరాలు గుండ్రంగా ఉండవు, అర్థమైతే చాలు.

నా మనుమరాలు ఈ మధ్యే స్కానింగు కోర్సులో చేరింది. దాని స్నేహితురాళ్ళు ఇద్దరు ఒక దవాఖానలో ఆయా పనికి కుదిరారు. మొన్న ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, అక్కడ మేము జర పైకి రావాలంటే ఏం నేర్చుకోవాలె?" అని అడిగారు. నేను చెప్పబోతే ముగ్గురూ ఫోన్లు చూసుకుంటూ తలలూపారు. అందుకని చెప్పడం మానేసి రాస్తున్నాను. కాగితాన్ని చూస్తూ ఫోను చూడలేరు కదా.

జీతం ఎప్పుడు పెరిగింది, యూనిఫాం రంగు ఎన్నిసార్లు మారింది, శాలువా ఎవరు కప్పారు, ఇవి రాయను. వాటితో ఎవరికీ పనిలేదు. పని అసలు ఏమిటో రాస్తాను. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి ఎక్కువ రాస్తాను.

ఆయా అంటే గది తుడిచే మనిషి, స్ట్రెచరు తోసే మనిషి అనుకుంటారు. అది నిజమే. కానీ ఇంకొక నిజం ఉంది. డాక్టరు పేషంటు దగ్గర ఐదు నిమిషాలు ఉంటాడు. సిస్టరు పది నిమిషాలు ఉంటుంది. మిషన్ నడిపే అబ్బాయి అద్దం అవతల ఉంటాడు. మిగిలిన గంటలన్నీ పేషంటుతో ఉండేది ఆయా. ఏం తిన్నాడు, ఏం తాగాడు, గోలీ మింగాడా బుగ్గన పెట్టుకున్నాడా, ఎన్నిసార్లు లేచాడు, ఇవన్నీ కళ్ళతో చూసేది ఆయా ఒక్కతే. కాగితంలో ఏది రాసినా సగం ఆయా నోటి మాట మీదే రాస్తారు. ఆ నోరు ఎలా ఉండాలో నాకు ఆలస్యంగా తెలిసింది.

రంగు మందు

రక్తం ఎక్కడ పారుతోంది, ఎక్కడ ఆగింది అని చూడాలంటే నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. మేము దాన్ని రంగు మందు అనేవాళ్ళం. నిజానికి దానికి రంగు ఉండదు, నీళ్ళలాగే ఉంటుంది. బొమ్మలో మాత్రం రక్తనాళాలు తెల్లగా వెలుగుతాయి. అది ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడి పాకుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, కానీ పోదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆడవాళ్ళు సిగ్గుతో బిగుసుకుపోతారు, బొమ్మ కదిలిపోతుంది. చెప్పడం మర్చిపోకండి.

మా పెద్దసారు, అంటే స్కానింగు డాక్టరు, కఠినమైన మనిషి. నవ్వగా నేను చూసింది తక్కువ. కానీ ఆయాలకు కూడా విషయం విప్పి చెప్పేవాడు. చేరిన కొత్తలో ఒకరోజు నన్ను నిలబెట్టి ఇలా అన్నాడు: "ఈ మందు ఒంట్లో ఉండిపోదు రాజవ్వా. కిడ్నీలే దాన్ని బయటికి తోలాలి. షుగరు ఉన్నోళ్ళ కిడ్నీలు ముందే అలిసిపోయి ఉంటాయి. వాటి మీద ఇది ఒక్కసారిగా పడితే కొందరికి దెబ్బ తగులుతుంది. నొప్పి ఉండదు. రెండో రోజో మూడో రోజో రక్తం పరీక్షలో తెలుస్తుంది. అందుకే షుగరు పేషంటును నాకు చెప్పకుండా బల్ల ఎక్కించకు."

ఎక్కించలేదు, ఒక్కసారి కూడా. ఆ విషయంలో నా మీద మాట రాలేదు. మాట వచ్చింది వేరే చోట.

కంపు గోలీ

షుగరు పేషంట్లకు, కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్నవాళ్ళకు, స్కాను ముందు రోజు, స్కాను రోజు, ఒక గోలీ ఇచ్చేవారు. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగి కరిగిపోతుంది. వాసన మాత్రం మురిగిన గుడ్డు వాసన. కొత్త ఆయాలు గోలీ వేసి మొహం పక్కకు తిప్పుకునేవారు.

ఏం పని చేస్తుంది ఈ గోలీ అని పెద్దసారును అడిగాను. యాంటీ ఆక్సిడెంటు అన్నాడు. నాకు అర్థం కాలేదని చూసి, కిటికీ ఊచ చూపించాడు. "గాలికి ఇనుము తుప్పు పడుతుంది కదా. రంగు మందు పోయేటప్పుడు కిడ్నీలోని సన్న గొట్టాల్లో అలాంటి తుప్పు పని జరుగుతుంది. ఈ గోలీ దానికి అడ్డం పడుతుందని ఇస్తున్నాం."

ఇస్తున్నాం అన్నాడు. ఆపుతుంది అనలేదు. ఆ తేడా నా చెవికి ఎక్కలేదు. తుప్పు ఆపే గోలీ అని నా మనసులో రాసుకున్నాను. చేతికి దొరికే వస్తువు మీద నమ్మకం కుదిరినంత సులువుగా మాట మీద కుదరదు.

అది తాగించడం ఒక యుద్ధం. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఊళ్ళవాళ్ళు, మగ్గం పనివాళ్ళు. సోమవారం నీసు, అంటే గుడ్డూ మాంసమూ, ముట్టనివాళ్ళు, మాల వేసుకుని దీక్షలో ఉన్నవాళ్ళు, ఆ వాసనకు గ్లాసు దూరం నెట్టేవారు.

"ఇందుల గుడ్డు కలిపిన్రు, నాకు తెల్వదనుకుంటానవా?" అని ఒక తొర్రూరు పెద్దాయన నన్ను నిలదీశాడు.

"గుడ్డు కలిపేటంత దయ ఈ దవాఖానకు లేదు. ముక్కు మూసుకొని తాగు" అన్నాను. తాగాడు.

నేను ఒక పద్ధతి కనిపెట్టాను. నీళ్ళు ఎక్కువ పోస్తే వాసన ఎక్కువసేపు భరించాలి. అందుకని సగం గ్లాసులోనే కరిగించేదాన్ని. రెండు గుక్కల్లో అయిపోయేది. పేషంటు సుఖపడేవాడు, గోలీ పూర్తిగా లోపలికి పోయేది, నా టైము మిగిలేది. రాజవ్వ చేతిలో గోలీ పారబోసినవాడు లేడని సిస్టర్లు చెప్పుకునేవారు. ఆ మాట నాకు చాలా బాగుండేది.

నా సొంత రూలు

స్కానుకు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకూడదు. వాంతి అయితే ప్రమాదం. మంచినీళ్ళు తాగవచ్చు, షుగరువాళ్ళు తాగాలి కూడా. ఇది పెద్దసారు రూలు. నా రూలు వేరేగా తయారైంది. ఎలాగో చెబుతాను.

ఒకసారి ఒక పెద్దమ్మ బల్ల మీద పడుకున్నది. రంగు మందు సూదిలోకి లాగి మిషన్‌కు తగిలించారు. సరిగ్గా అప్పుడు ఆమెకు ఆగలేదు. లేచి కూర్చున్నది. దింపి తీసుకుపోయి తెచ్చేసరికి లోపల ఇంకో అత్యవసరం కేసు ఎక్కించారు. లాగిన మందు పారబోయవలసి వచ్చింది. పెద్దసారు నన్ను అందరి ముందు ఒక్క మాట అన్నాడు: "ముందే లేపి తీసుకపోవడం తెల్వదా?"

నాకు వృథా అంటే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో కూడా కూరగాయలు కడిగిన నీళ్ళు చెట్టుకు పోస్తాను. ఆ మందు మోరీలో, మురుగునీళ్ళతో కలిసి పోతుంటే చూడలేకపోయాను. ఆయన చెప్పినట్టు ముందే తీసుకుపోవడం అలవాటు చేసుకుంటే సరిపోయేది. నేను అంతకంటే సులువైన దారి పట్టాను. లోపల నీళ్ళు లేకపోతే లేచే పనే ఉండదు. ఆ రోజు నుంచి స్కాను ఉన్నవాళ్ళందరికీ పొద్దున్నే ఒకటే చెప్పేదాన్ని: తిండి వద్దు, నీళ్ళు కూడా ముట్టొద్దు.

ఎవరూ నన్ను అడగలేదు. స్కానులు సాఫీగా జరిగాయి. పని సాఫీగా జరుగుతోంది కాబట్టి నా రూలు మంచిదనుకున్నాను. చాలామందికి ఏమీ కాలేదు కూడా. ఒక తప్పు చాలా రోజులు తప్పించుకు తిరిగితే, మనం దాన్ని అనుభవం అని పిలుస్తాం.

కొమురయ్య

కొమురయ్యది వరంగల్‌లోనే కాశిబుగ్గ. జంపఖానాలు నేసే మనిషి. అప్పటికి యాభై అయిదేళ్ళు ఉంటాయి, షుగరు వచ్చి పద్నాలుగేళ్ళు. ఎడమకాలి వేలు నల్లబడింది. రక్తం ఎక్కడ ఆగిందో చూస్తే, దారి తెరిచి కాలు నిలబెట్టవచ్చేమో అని రంగు మందు పెట్టి కాలి స్కాను చేయమని రాశారు. గుంట మగ్గం మీద కాళ్ళతోనే కదా పని. కాలు పోతే మగ్గం పోతుంది. కాలు కోసం చేసే పరీక్షలో కిడ్నీ పోతే మనిషే పోతాడు. డాక్టర్లు రెండూ తూచి, కిడ్నీ ఇంకా తట్టుకుంటుందని, నీళ్ళు బాగా తాగించి చేద్దామని నిర్ణయించారు. గుండె బాగానే ఉంది కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగినా ఫరవాలేదు, సెలైను అక్కర్లేదు, నోటితో తాగితే చాలన్నారు.

కొమురయ్య తక్కువ మాట్లాడే మనిషి. అతని భార్య అనసూయ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. ముందు రోజు సాయంత్రం నేను మొదటి గోలీ తీసుకెళ్ళాను.

"ఏందక్కా గీ వాసన? మా ఇంటెన్కల మోరీ నయం" అన్నది అనసూయ.

"నువ్వు తాగవు గద చెల్లె. తాగేటోడు సప్పుడు జేస్తలేడు."

"ఆయనకు సప్పుడు జేసుడు రాదు. ముప్పై ఏండ్ల సంది నేనే జేస్తాన్న."

కొమురయ్య రెండు గుక్కల్లో తాగేసి గ్లాసు ఇచ్చాడు. ఆపైన నీళ్ళు ఇవ్వబోతే చాలన్నాడు. అనసూయే చెప్పింది, ఆయనకు మొదటి నుంచీ నీళ్ళ అలవాటు తక్కువ అని. గుంటలో కూర్చుంటే మాటిమాటికీ పైకి ఎక్కలేరు. ఎక్కితే నేత ఆగుతుంది, దారం వదులవుతుంది. అందుకని పొద్దున దిగినప్పుడు ఒక చెంబు, మళ్ళీ అన్నం పూట ఒక చెంబు, అంతే. వాళ్ళ నాయన కూడా అంతేనట. ఇప్పుడు కాలి పుండుతో లేవడం మరీ కష్టం, ఒకరి భుజం మీద చెయ్యి వేసుకుని పోవాలంటే సిగ్గు. నీళ్ళు తగ్గిస్తే లేచే బాధ తగ్గుతుందని అతని లెక్క. నా రూలూ అతని అలవాటూ బాగా కలిసిపోయాయి.

మరునాడు తెల్లవారి రెండో గోలీ తాగించి, "ఇగ నీళ్ళు కూడ ముట్టొద్దు, పది గంటలకు నీ నంబరు" అన్నాను. పదికి మిషన్ ఆగింది. బాగయ్యేసరికి రెండు ప్రమాదం కేసులు వచ్చాయి. పన్నెండు దాటింది. ఎండాకాలం. వరండాలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి వేడిగా ఉంది.

అనసూయ గ్లాసులో నీళ్ళు తెచ్చి అతని నోటి దగ్గర పెట్టింది. నేను చూసి గ్లాసు లాక్కున్నాను.

"పెదవులెండి పోయినయి అక్కా. ఒక్క గుక్క."

"వద్దన్న గదా. బల్ల మీద ఆగకపోతే మొదటి నుంచి చెయ్యాలె. ఇంక కొద్దిసేపు."

"నీళ్ళు మంచిగ తాగిపియ్యిమని నిన్న డాక్టరు చెప్పిండు గదా?"

"కిడ్నీకి గోలీ పడ్డది. గోలీ పడ్డంక ఫికర్ లేదు. నువ్వు డాక్టరువా నేను డాక్టరునా?"

ఇద్దరమూ డాక్టర్లం కాము. కానీ ఆమెకు సరిగ్గా గుర్తుంది, నాకు లేదు. ఆ మాటకు అనసూయ ఊరుకున్నది. యూనిఫాంలో ఉన్న మనిషి గట్టిగా చెబితే మామూలు జనం ఊరుకుంటారు. మీరు చేరిన మొదటి రోజే ఆ బలం మీ చేతికి వస్తుంది, ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

మూడు గంటలకు స్కాను అయింది. బొమ్మ బాగా వచ్చింది. అతన్ని వార్డులో పడుకోబెట్టి వచ్చాను. కడుపులో తిప్పుతోందని కళ్ళు మూసుకున్నాడు. డ్యూటీ దిగే ముందు సిస్టరు మరియమ్మ కాగితం పట్టుకుని అడిగింది.

"కొమురయ్య నీళ్ళు తాగిండా రాజవ్వా? రెండు లీటర్లు రాసిన్రు."

"తాగిండు సిస్టర్" అన్నాను.

ఆమె అడిగింది నాకు బాగా అర్థమైంది. తాగలేదని తెలుసు. తాగలేదంటే ఎందుకు అని అడుగుతుంది, నేను ఆటో అందుకోవాలి. గోలీ పోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మరియమ్మ టిక్కు పెట్టింది.

మూడో రోజు

స్కానైన మూడో రోజు పొద్దున రక్తం పరీక్ష వచ్చింది. కిడ్నీ ఎలా ఉందో క్రియాటినిన్ అనే అంకె చెబుతుంది, అది ఎంత పెరిగితే అంత చెడు. కొమురయ్యది ముందు ఉన్నదానికి రెండింతలు దాటింది. మూత్రం చెంబులో అడుగు కూడా నిండలేదు.

కిడ్నీ డాక్టరమ్మ వారానికి రెండు రోజులే వచ్చేది. చిన్న వయసు, గట్టి మనిషి. మంచం దగ్గర నిలబడి కాగితాలు తిప్పుతోంది. నేను పక్క మంచం దుప్పటి మారుస్తున్నాను. అనసూయ గోడకు ఆనుకుని నిలబడింది.

"స్కానుకు ముందు, తర్వాత, రెండు లీటర్లు తాగిండని ఉంది" అన్నది డాక్టరమ్మ. "మూత్రం చూస్తే ఇంతే. పాదాలు కూడా వాచినయి. అంటే నీళ్ళు లోపలే ఉండిపోతున్నయి."

డ్యూటీ డాక్టరు, నీళ్ళు తగ్గించి మూత్రం వచ్చే ఇంజెక్షను ఇద్దామా అని అడిగాడు. సాయంత్రం దాకా చూసి, తగ్గకపోతే డయాలసిస్‌కు హైదరాబాదు పంపుదామని ఇద్దరూ మాట్లాడుకున్నారు. డయాలసిస్ అనే మాట వినగానే అనసూయ గోడ వదిలేసి మంచం కడ్డీ పట్టుకున్నది.

వాళ్ళ లెక్కంతా నా నోటి మాట మీద నడుస్తోంది. నీళ్ళు నిండి బయటికి రాని మనిషికి చేసే వైద్యం వేరు, నీళ్ళు లేక ఎండిపోయిన మనిషికి చేసే వైద్యం వేరు. అంత నాకు తెలుసు. ఎండిన మనిషికి ఆ ఇంజెక్షను పడితే ఉన్న కాసిని నీళ్ళూ పోతాయి. డ్యూటీ డాక్టరు అప్పటికే సిస్టరు వైపు తిరిగాడు.

"మేడం, ఆయన తాగలే" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. మరియమ్మ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఎంత తాగలే?" అన్నది డాక్టరమ్మ.

"గోలీ కలిపిన సగం గిలాస, రెండుసార్లు. ముందు రోజు రాత్రి సంది స్కానయ్యేదాక ఇంకేం లేదు. తర్వాత కడుపుల తిప్పుతాందని ఆయన తాగలే, నేను తాగిపియ్యలే. తాగిండని సిస్టరుకు నేనే అబద్ధం చెప్పిన."

"ఎవరు ఆపిన్రు?"

"నేనే."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కొమురయ్య నాలుక చూసింది, ఛాతీ మీద చర్మం పట్టి వదిలింది, అది మెల్లగా మడత విప్పుకున్నది, నీళ్ళు లేని ఒళ్ళు అలాగే ఉంటుంది. కాలి వాపు పుండుదేనని తేల్చుకున్నది. "ఇంజెక్షన్ వద్దు. సెలైన్ పెట్టండి, గంట గంటకూ నాకు చెప్పండి" అన్నది. తర్వాత అనసూయను అడిగింది, ఇంటి దగ్గర ఏమైనా మందులు వాడారా అని. కాలి నొప్పికి నెల రోజులుగా మెడికల్ షాపు గోలీలు వేసుకున్నాడట. వాటి వల్ల కూడా కిడ్నీ దెబ్బతింటుందని అప్పుడే విన్నాను.

డాక్టర్లు వెళ్ళాక అనసూయ నా దగ్గరికి వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గిలాస నా చేతులకెల్లి గుంజుకున్నవ్ అక్కా. నేను డాక్టరును గాదని నోరు మూసుకున్న. నువ్వు గూడ గాదని ఇప్పుడు చెప్తానవ్."



కిడ్నీ తేరుకోవడానికి ఐదు రోజులు పట్టింది. రెండో రోజు నుంచి మూత్రం పెరిగింది. డయాలసిస్ దాకా పోలేదు. క్రియాటినిన్ దిగింది, కానీ మొదట ఉన్న చోటికి రాలేదు, కొంచెం పైన ఆగిపోయింది. ఆ కొంచెం అతని వెంట ఇంటికి పోయింది. రెండు వేళ్ళు తీసేశారు, పాదం నిలిచింది. కానీ ఇక మగ్గం తొక్కలేడు. కూర్చుని నూలు కండెలు చుట్టే పనికి మారాడు.

అందులో నా వాటా ఎంత, నొప్పి గోలీల వాటా ఎంత, షుగరు వాటా ఎంత అని డాక్టరమ్మను అడిగాను.

"విడదీసి చెప్పలేం రాజవ్వా" అన్నది.

చెప్పగలిగితే నాకు సులువుగా ఉండేది.

పెద్దసారు గదిలోకి పిలిచాడు. పని పోతుందనుకుని అన్నం డబ్బా సర్దుకునే వెళ్ళాను. "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. అందుకని ఉంచుతున్నా. మొదటిరోజే చెప్పి ఉంటే ఇదంతా ఉండేదే కాదు. అందుకని మూడు నెలలు పేషంట్ల దగ్గరికి రాకు, గదులు తుడువు" అన్నాడు. తుడిచాను. మరియమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె టిక్కు నా వల్ల అబద్ధమైంది. రెండూ న్యాయమే.

గోలీ సంగతి

ఆ గోలీ ఏమైంది మరి అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. తుప్పు ఆపే గోలీ రెండు పూటలా పడింది కదా, ఎందుకు ఆపలేదు?

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కాగితం మీద ఆ ఆలోచన బాగానే ఉన్నదట. చిన్న చిన్న పరీక్షల్లో మంచి చేసినట్టు కనిపించిందట, అందుకే అన్ని చోట్లా ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత చాలామంది పేషంట్ల మీద జాగ్రత్తగా చూస్తే, వేసినవాళ్ళకూ వేయనివాళ్ళకూ తేడా తేలలేదట. "గోలీ పెద్దగా చెడు చెయ్యదు. కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉండాలె, రంగు మందు ఎంత తక్కువతో అయితే అంత తక్కువ వాడాలె, నొప్పి గోలీలు ఆపాలె, కొన్ని షుగరు గోలీలు డాక్టరును అడిగి ఆపాలె, మూడో రోజు రక్తం చూడాలె. పని చేసేవి ఇవి" అన్నది.

మెల్లగా మా దవాఖానలో ఆ గోలీ ఇవ్వడం తగ్గిపోయింది. గదిలో ఆ వాసన కూడా పోయింది. నేను దాన్ని తాగించడంలో ఎంత నేర్పు సంపాదించానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సగం గ్లాసులో కలిపే నేర్పు! మిగిలిన ఆ సగం గ్లాసే మందు అని తెలియలేదు.

ఇప్పుడు కొందరు స్కానుకు వస్తూ సంచిలో ఏవో పొడులు తెస్తారు. ఉసిరి పొడి, పచ్చ టీ, విటమిన్ గోలీలు. డబ్బా మీద యాంటీ ఆక్సిడెంటు అని ఉంటుంది, కిడ్నీకి అడ్డం పడుతుందని ఎవరో ఫోనులో చెప్పి ఉంటారు. మీరు ఎగతాళి చేయకండి. నాలాగే వాళ్ళకూ చేతిలో పట్టుకునే వస్తువు కావాలి. డాక్టరుకు చూపించమని చెప్పండి, తర్వాత నీళ్ళ మాట అడగండి.

మూడు నెలల తర్వాత మళ్ళీ పేషంట్ల దగ్గరికి వచ్చాక నేను చేసింది పెద్ద పనేమీ కాదు. ఒక్కో మంచానికి ఒక సీసా పెట్టి, దాని మీద పట్టీ అతికించి గీతలు గీశాను. ఏ గీత దాకా తాగాలో డాక్టరును అడిగి పెట్టేదాన్ని. గుండె బలహీనమైనవాళ్ళకు, ముందే వాపు ఉన్నవాళ్ళకు నీళ్ళు ఎక్కువైనా ప్రమాదమే, వాళ్ళ గీత డాక్టరే గీయాలి. గంటకోసారి నేనే లేపి బాత్రూముకు తీసుకుపోయేదాన్ని. బల్ల ఎక్కే ముందు ఆఖరిసారి. ఆ తర్వాత ఒక్క మందు సూది కూడా వృథా కాలేదు. పెద్దసారు మొదట చెప్పింది ఇదే. నేను దాన్ని చెయ్యడానికి ఒక మనిషి కిడ్నీ ఖర్చయింది.

రెండోసారి

ఏడాదిన్నర తర్వాత కొమురయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి కుడికాలు. కిడ్నీ అప్పటికంటే తక్కువ బలంతో ఉంది. రంగు మందు లేకుండా చూడగలిగినంత చూశారు, చాలలేదు. మందు పెట్టకపోతే కాలు మోకాలి దాకా పోవచ్చు. పెడితే ఈసారి కిడ్నీ తిరిగి రాకపోవచ్చు. డాక్టరమ్మ రెండు మాటలూ దాచకుండా భార్యాభర్తలకు చెప్పింది. వాళ్ళు ఒక పూట గడువు అడిగి, చేయించుకుంటామన్నారు. ఈసారి సెలైను ముందే పెట్టారు, రంగు మందు సగానికి తగ్గించారు.

నేను సీసా పట్టుకుని వెళ్ళాను. అనసూయ నన్ను చూసి లేచి నిలబడింది.

"సీస గాడ పెట్టి పో అక్కా. నీళ్ళు నేను తాగిపిస్త."

"గంటకోసారి లేపాలె చెల్లె..."

"నేను లేపుత. నువ్వు బయట కూసో."

కొమురయ్య పడుకునే అన్నాడు. "పోనీయ్ అనసూయా. ఆమె ఒక్కదాని తప్పు గాదు. నాకే లేవబుద్ధి గాలె అప్పుడు."

"నువ్వు సప్పుడు జెయ్యకు" అన్నది ఆమె.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ పూటకు నా మిగతా పని వేరే ఆయాకు ఇమ్మని మరియమ్మను అడిగాను. గంటకోసారి అనసూయ అతన్ని పట్టుకుని నా ముందు నుంచే నడిపించుకుంటూ పోయేది. సీసాలో ఏ గీత దాకా వచ్చిందో తలుపు సందు నుంచి కనిపించేది. 

మూడో రోజు రక్తం కాగితం వచ్చింది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. అనసూయ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది. అటూ ఇటూ చూసింది. నేనే ఉన్నాను.

"నాకు అంకెలు తెలుస్తయి గని, ఇందుల కిడ్నీది ఏదో తెల్వది. జర చూడు."

ఆ వరుస ఎక్కడ ఉంటుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. చూశాను. స్కానుకు ముందు ఎంత ఉందో అంతే ఉంది. చుక్క తర్వాతి అంకె కూడా మారలేదు. వేలు పెట్టి చూపించి, చదివి చెప్పాను. పాత కాగితం పక్కన పెట్టి అది కూడా చూపించాను.

"పెరగలేదా?"

"పెరగలే."

ఆమె ఆ అంకెను చూసింది, నా మొహం చూసింది. కాగితం మడిచి నా చేతిలో నుంచి తీసుకున్నది. వరండా చివర మరియమ్మ మందుల ట్రే సర్దుతోంది. అనసూయ అక్కడి దాకా నడిచి వెళ్ళి కాగితం మళ్ళీ విప్పింది.

"సిస్టరమ్మా, గిది జర చదివి చెప్పు."

ఆమె చేసింది సరైన పని. నేను బల్ల మీదే కూర్చుని విన్నాను. మరియమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వరుస వెతికి, అదే అంకె చదివింది. అప్పుడు అనసూయ గోడకు చెయ్యి ఆనించి ఊపిరి వదిలింది.